ఊకనే హైదరాబాద్ పోయిన తల్లీబిడ్డ

2024. ఎండలు దిగిపోయి, నాట్లు ఇంకా మొదలుగాని రోజులు. కరీంనగర్ బస్టాండ్ ఎదురుంగ సందుల నాదొక చిన్న ట్రావెల్స్ దుకాణం. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, గిరాకి కూసునేందుకు నాలుగు కుర్చీలు, అంతే. మా ఆయన పానం బాగలేక ఇంటిపట్టున ఉన్నప్పటి సంది నేనే నడుపుతున్న.

మా పనిల ఎక్కువగ వచ్చేది గల్ఫ్ టికెట్లు. తర్వాత తిరుపతి, షిర్డీ, కాశీ ప్యాకేజీలు. ప్యాకేజీ అంటే బండి, గది, తిండి, దర్శనం అన్నీ కలిపి ఒకటే రేటుకు కుదిర్చి ఇచ్చుడు. ఇన్నేండ్లల్ల ఎంతమందిని పంపిన్నో నాకే లెక్క తెల్వది. అయినా, నీ పనిల బాగ యాదికుండే గిరాకి ఎవలని అడిగితే, విమానం ఎక్కినోళ్లెవలూ యాదికి రారు. ఎక్స్‌ప్రెస్ బస్సుల పోయిన ఒక తల్లీబిడ్డ యాదికొస్తరు.

ఆ దినం మాపటీలి సుల్తానాబాద్ దిక్కు నుంచి ఇద్దరొచ్చిండ్రు. తల్లి పేరు సరోజన, నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన చేతులు. బిడ్డ మౌనిక, కరీంనగర్‌లనే హాస్టల్ల ఉండి డిగ్రీ చదివింది. సరోజన కుర్చీల కూసోకముందే అడిగింది.

"అక్కా, హైదరాబాద్‌ల శనారం, ఐతారం ఉండి వచ్చేటట్టు మాకు ఏర్పాటు చెయ్యి. జర తక్కువల అయ్యేటట్టు చూడు."

"ఏ దవాఖాన?" అన్న. ఆడోళ్లు హైదరాబాద్ అన్నరంటే నా నోట్లెకెల్లి ముందు వచ్చే మాట గదే.

"దవాఖాన కాదు."

"అయితే పిల్లకు పరీక్షనా?"

"పరీక్షలు ఒడిసినయ్. ఊకనే పోతం. తిరిగొస్తం." గామాట చెప్పి తలెత్తి నా దిక్కు చూసింది, ఇంకేమన్న అడుగుతవా అన్నట్టు.

నేను ఏమీ అడగలే. ఆమెనే చెప్పుకొచ్చింది. పెనిమిటి మస్కట్‌ల కట్టుబడి పని చేస్తడు. రెండేండ్లకోసారి వస్తడు. ఆయన మర్లి పోయినప్పుడల్లా విమానం కాడికి తోలిరాను ఈమె హైదరాబాద్ పోతది. అద్దాల తలుపుల కాడ ఆయనను విడిచి, అదే జీపుల మర్లి వస్తది. నడుమల అత్తకు పెద్ద రోగమొస్తే నెలరోజులు దవాఖాన వరండాల చాప ఏసుకొని పన్నది. "హైదరాబాద్ నేను శానసార్లు పోయిన అక్కా. గని ఒక్కసారి గూడ చూడలే. ఎవ్వలు విమానమెక్కకుంట, ఎవ్వలు మంచంల లేకుంట, ఒక్కసారి పోవాలె."

మౌనికకు బెంగళూరుల కొలువు దొరికిందట. వచ్చే నెల చేరాలె. బిడ్డ చెయ్యి దాటిపోకముందే, నాట్లు పడకముందే ఆ రెండు దినాలు కావాలన్నది.

తక్కువల చేసుడు అంత కష్టం కాలే. ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఫ్రీ అయ్యింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తడు. పట్నంల సిటీ బస్సులు గూడ అంతే. ఒక్క మెట్రో రైలుకే పైసలు పెట్టాలె. మొదటి పూట ఇంటికెల్లి కట్టుకపోయిన తిండి, తర్వాత చిన్న హోటళ్లు. అసలు తక్లీఫ్ గది కాడ వచ్చింది. సికింద్రాబాద్‌ల నాకు తెలిసిన లాడ్జీలకు ఫోన్లు చేసిన. మొదటాయన "మగాయన ఎవరొస్తున్నరు మేడం?" అన్నడు. ఎవ్వలు రారన్న. "అయితే కష్టం. మేము ఫ్యామిలీలకే ఇస్తం."

"తల్లీబిడ్డ ఫ్యామిలీ కాదా?"

"మా ఓనర్ ఒప్పుకోడు మేడం," అని పెట్టేసిండు.

ఇంకోతాన గూడ గిదే పాట. గీ మాటలన్నీ సరోజన ఎదురుంగ కూసోని వినుకుంటనే ఉన్నది. ఆఖరుకు ఒక లాడ్జిల ప్రీపెయిడ్ బుకింగ్ చేసిన. ప్రీపెయిడ్ అంటే గది కిరాయి ముందే కట్టేసుడు. ఇద్దరి పేర్లు ఎక్కించిన. ఓకే అని మెసేజ్ వచ్చింది.

రెండు దినాలైనంక బుకింగ్ కాయితం తీసుకపోను తల్లీబిడ్డ మళ్ల వచ్చిండ్రు. వాళ్లు కూసున్నరో లేదో, ఎన్కనే బండి మీద సరోజన బావ వచ్చిండు, పెనిమిటికి అన్న. పేరు మల్లేశం. చెప్పులు బయటనే ఇడిచి, మర్యాదగనే నమస్తె పెట్టి, నాతోని అన్నడు.

"అమ్మా, గా బుకింగ్ క్యాన్సిల్ చెయ్యి."

"బుకింగ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు చెప్తేనే క్యాన్సిల్ చేస్తనన్నా," అన్న.

మల్లేశం మరదలు దిక్కు తిరిగిండు. "సరోజనా, ఏం పని మీద పోతున్నవ్ చెప్పు. పనుంటే నేనే తోలుకపోత."

"ఏం పని లేదు బావా. గందుకే పోతున్న."

"ఊర్ల ఏమనుకుంటరు? పెనిమిటి ఎడారిల ఎండకు మాడుతుంటే ఈమె పట్నంల షికార్లు కొడుతుందనరా?"

"నేను మోకాల్లోతు బురదల నాటేస్తుంటే ఊరు ఏమన్న అనుకున్నదా? అప్పుడు అనుకోనోళ్లు ఇప్పుడు గూడ అనుకోవద్దు."

మల్లేశం చెడ్డోడు కాదు. ఆ సంగతి సరోజననే నాకు చెప్పింది. తమ్ముడు మస్కట్‌ల ఉన్నన్ని ఏండ్లు మరదలు మడికి నీళ్లు పెట్టిండు, అత్త సచ్చిపోతే దినాలల్ల అన్నీ తానై నిలబడ్డడు. గందుకే గామె అంత మాట అనాల్నంటే ఎంత గట్టిగ అనుకోవాల్నో నాకు అర్థమైంది. మౌనిక తల్లి చెయ్యి పట్టుకున్నది.

మల్లేశం జేబులకెల్లి ఫోన్ తీసి మస్కట్‌కు వీడియో కాల్ చేసిండు. తమ్ముడు హెల్మెట్ పెట్టుకొనే ఎత్తిండు, ఎన్క ఏదో మిషిన్ చప్పుడు. అన్న సంగతంత చెప్పి ఫోన్ సరోజన మొఖం ముందట పెట్టిండు.

"ఇప్పుడెందుకే సరోజనా," అన్నడాయన. కోపం లేదు గొంతుల, అలసట ఉన్నది. "నేను వచ్చినంక అందరం కలిసి పోదాం. అన్న చెప్పినట్టు ఇనరాదు?"

సరోజన కన్నీళ్లు పెట్టుకొని కాయితం నాకు మర్లిస్తదేమో అనుకున్న. పెట్టుకోలే.

"నువ్వు వచ్చినంక నీతోటి గూడ పోత. ఇప్పుడు నా బిడ్డతోటి పోతున్న. నిన్ను అడుగుతలేను, చెప్తున్న. పైలంగ ఉండు," అని ఫోన్ తీసి బావ చేతిల పెట్టింది.

మల్లేశం చెప్పులు తొడుక్కుంట అన్నడు: "అయితే ఇగ నీ మడి సంగతి నువ్వే చూసుకో."

"చూసుకుంట బావా."

శనారం పగటీలి మౌనిక ఫోన్ చేసింది. లాడ్జిల కౌంటర్ కాడ ఉన్నరట. చెక్ ఇన్ చెయ్యనిస్తలేరట. చెక్ ఇన్ అంటే రిజిస్టర్ల పేరు రాసి, కార్డు చూపించి తాళంచెవి తీసుకునుడు. కౌంటర్ కాడి మనిషి బుకింగ్ చూసిండు, ఆధార్ కార్డులు చూసిండు, ఆఖరుకు "వెంట మగవాళ్లెవరు?" అన్నడట. ఎవ్వలు లేరంటే, పైసలు వాపస్ ఇస్తం, పొండి అంటున్నడట.

మా పనిల గిసొంటి టైంల చేసేది ఒకటే. గిరాకిని పరేషాన్ చెయ్యకుంట ఇంకో గది చూసుడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, దగ్గర్లనే ఇంకోటి చూస్త. జర సేపు ఆగుండ్రి," అన్న.

సరోజన ఫోన్ గుంజుకున్నది. "వద్దక్కా. ఇంకోటి ఎందుకు? పైసలు కట్టింది గీడ. ఇంకోతానికి పోతే ఆడ గూడ గిదే అడుగుతరు. ఎన్ని మెట్లు ఎక్కి దిగాలె మేము? గదిచ్చేదాక గీడనే కూసుంట."

ఫోన్ కట్ చెయ్యలే. సంచి జిప్పు తీసిన చప్పుడు, గిన్నె మూత తీసిన చప్పుడు వినపడ్డయి. కౌంటర్ ముందటి సోఫాల కూసోని సర్వపిండి, మామిడికాయ తొక్కు తీసిందని తర్వాత తెలిసింది.

"అమ్మా, ఇక్కడ తినొద్దమ్మా. వచ్చేటోళ్లు ఏమనుకుంటరు?" అని ఆ మనిషి గొంతు.

"ఏమనుకుంటరు? తల్లీబిడ్డ ఆకలై తింటున్నరు అనుకుంటరు. నువ్వు తిన్నవా? ఇగో, ఒక ముక్క తీసుకో."

ఎవరో ముసలాయన నవ్విండు. ఆయన గూడ కుటుంబంతోని గది కోసం నిలబడ్డట్టున్నడు. "ఇయ్యరాదయ్యా, తల్లీబిడ్డలకు ఇయ్యకుంటే ఇంకెవలకిస్తవ్?" అన్నడు. కౌంటర్ మనిషి ఏం చెయ్యాల్నో తెల్వక ఓనర్‌కు ఫోన్ కలిపిండు. మౌనిక నన్ను స్పీకర్ల పెట్టింది. అవతల ఓనర్, ఇవతల నేను.

"ఇద్దరి పేర్లు చూసే కద సార్ మీరు పైసలు తీసుకున్నరు?" అన్న.

"అది కాదు మేడం. మా లాడ్జికి ఒక పేరున్నది. ఖరాబైతే మళ్ల రాదు."

నాకు గూడ రక్తం మసిలింది. "తల్లీబిడ్డ ఒక రాత్రి పండుకుంటే ఖరాబయ్యే పేరు ఉంటే ఎంత సార్, పోతే ఎంత?"

ఆఖరుకు ఓనర్ "ఇచ్చెయ్" అన్నడు కౌంటర్ మనిషితోని. రిజిస్టర్ల "వచ్చిన పని" అని ఒక గడి ఉంటది. మౌనిక పెన్ను పట్టుకొని ఏం రాయాలె అంటే, తల్లి "ఊకనే అని రాయి" అన్నది. గట్లనే రాసింది.

మల్లొచ్చే వారం ఇద్దరూ నా దుకాణంకు వచ్చి ఆ రెండు దినాలు చెప్పిండ్రు. చార్మినార్ కాడ ఇద్దరూ ఒకటే రంగు గాజులు ఏయించుకున్నరు. ఒక బిర్యానీ తీసుకొని ఇద్దరు తిన్నరు. మెట్రో కాడ నడిచే మెట్లు చూసి సరోజన జంకి ఎన్కకు జరిగితే, మౌనిక రెండు చేతులు పట్టుకొని ఎక్కించింది. రైలు ఎక్కినంక దిగనన్నదట. ఆడోళ్ల డబ్బాల కిటికీ పక్కకు నిలబడి ఆ కొస దాక పోయి, మళ్ల టికెట్ తీసుకొని ఈ కొస దాక వచ్చిండ్రు. మేడల మీద ఆరేసిన బట్టలు, ఇండ్ల మీది ట్యాంకులు, అన్నీ పైకెల్లి చూసుకుంట. "ఏడ దిగుదామే అవ్వా?" అంటే "ఏడ దిగొద్దు, గిట్లనే పోవాలె," అన్నదట.

ట్యాంక్‌బండ్ మీద బెంచీల కూసుంటే ఎవరో వచ్చి "ఎవలకోసం చూస్తున్నరమ్మా?" అన్నడట. "ఎవ్వలకోసం కాదు. నీళ్లు చూస్తున్నం," అన్నదట సరోజన.

ఇవన్నీ నవ్వుకుంట చెప్పిండ్రు. మధ్యల సరోజన చాయ్ చెప్పి వస్తనని బయటికి పోయింది. అప్పుడు మౌనిక మెల్లగ అన్నది.

"ఆంటీ, మా అవ్వ పన్నది నేను ఎన్నడు చూడలే. నేను లేచేటాళ్లకు లేచే ఉంటది, నేను పన్నంక పంటది. ఐతారం పొద్దెక్కేదాక లాడ్జిల పన్నది. నోరు తెరుచుకొని, చిన్నపిల్ల లెక్క. నేను లేపలే. చూసుకుంట కూసున్న." ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సరోజన చాయ్ పట్టుకొని వచ్చేటాళ్లకు తుడుసుకున్నది.

ఆ వానకాలం మల్లేశం అన్నంత పని చేసిండు. మరదలు మడి దిక్కు చూడలే. సరోజననే మోటర్ పెట్టుకున్నది, మడి గట్లు చెక్కుకున్నది, కూలోళ్లను పిలుచుకొని నాట్లేయించింది. ఒకసారి బస్టాండ్ల కలిస్తే "కష్టమైందా?" అని అడిగిన. "అయ్యింది. అయితేంది? పంట పండింది," అన్నది. బావతోని మాటలు ఇంకా పూర్తిగ కలవలేదట. దాని గురించి ఆమె బాధపడ్డట్టున్నది గని, పోయినందుకు పడలే.

నా పనిల నేను మంచిదాన్నని ఎందుకనుకునేదాన్నంటే, ఎవలన్న వద్దంటే గిరాకికి తెల్వకుంటనే ఇంకో దారి చూపిస్త కాబట్టి. ఆ తల్లీబిడ్డను చూసినంక తెలిసింది, అడ్డం చెప్పేటోనికి ఎప్పుడూ పక్కకు జరిగి దారిచ్చుకుంట పోతే, ఆ అడ్డం ఎన్నటికి ఆడనే ఉంటదని. తప్పు మన దిక్కు లేనప్పుడు ఆడనే కూసునుడు గూడ ఒక పద్ధతే.

మొన్న చెన్నూరు నుంచి ఇద్దరు అక్కచెల్లెండ్లు వచ్చిండ్రు, పట్నం చూడాలని. నేను బుక్ చేసిన లాడ్జి నుంచి ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది, "వెంట ఎవరన్న మగవాళ్లుంటే బాగుంటది మేడం" అని.

"వాళ్లిద్దరే వస్తున్నరు. గది ఊడ్చి పెట్టుండ్రి," అని ఫోన్ పెట్టేసిన.