గ్రాఫులో గుంత

రుద్రారం దగ్గర మా ల్యాబులో ఒక స్టీలు పాత్ర ఉంది. లోపల బంకమట్టి, నీళ్లు. అణు విద్యుత్తు తయారయ్యాక మిగిలే వ్యర్థాన్ని భూమి లోతున రాతిలో పాతిపెట్టేటప్పుడు చుట్టూ ఇలాంటి మట్టినే కూరాలని ఆలోచన. ఏళ్ల తరబడి వేడి తగిలితే ఆ మట్టి ఏమవుతుందో ముందే తెలియాలి. మా పాత్రలో వ్యర్థమేమీ లేదు, ఎప్పుడూ తొంభై డిగ్రీల వేడి మాత్రం ఉండాలి. ఇరవై ఏళ్లదాకా మూత తీయకూడదు.

ఆ మట్టి కూరింది నేను. పదకొండేళ్లుగా పొద్దున్నే వేడి చూసి రిజిస్టరులో రాస్తున్నదీ నేనే. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాను. మూత తీసేది మాత్రం నిరుడు చేరిన జిన్నారం అమ్మాయి.

ఆ పిల్లను చూస్తే నాకు ఒళ్లు మంట. పని రాకపోతే బాగుండేది, చక్కగా వచ్చు. "మూత తీసిననాడు మట్టి ఏ రంగుల ఉంటదో సార్!" అని మా సార్ ముందు మురిసిపోతుంటే, నేను వండిన కూర తను వడ్డిస్తున్నట్టు కడుపు రగిలేది.

దసరాకు ఇక్కడి ఫ్యాక్టరీల్లో మిషన్లు ఆపి, కడిగి, బొట్లు పెట్టి పూజ చేస్తారు. మొన్న దసరాకు నేను ల్యాబుకు వెళ్లేసరికి మా పాత్రకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. హీటరు స్విచ్ ఆపి ఉంది. మీటరులో ఎనభై ఆరు. ఆ పిల్ల కొబ్బరికాయ కోసం కిందికి వెళ్లిందట.

స్విచ్ నా చేతికందే దూరంలోనే ఉంది. వేయలేదు. చల్లారనీ, సార్ చూసి ఈ పిల్లను పంపించేయనీ అనుకున్నాను. ఎనభై అయిదు. ఎనభై నాలుగు. ఎనభై మూడు కనబడ్డాక, చల్లారుతున్నది నా పదకొండేళ్లు కూడా కదా అని భయమేసి స్విచ్ వేశాను.

అంతలో ఆ పిల్ల వచ్చింది. నా చేయి స్విచ్ మీద చూడగానే ముఖం పాలిపోయింది.

"నేనే బంద్ చేసిన మేడం. మా నాయన ఫ్యాక్టరీల గిట్లనే చేస్తరు. పూజ అయినంక ఏద్దామనుకున్న. ఇగ ఏమైతది?"

"ఏమీ కాదులే, నేను వేశానుగా," అన్నాను.

అడక్కుండానే వెళ్లి సార్‌తో చెప్పేసింది. ఆయన గట్టిగా తిట్టారు, ఉద్యోగం మాత్రం ఉంచారు.

ఇప్పుడు ల్యాబు చూడటానికి వచ్చే విద్యార్థులకు పాత్ర వేడి గ్రాఫు మీద వేలు పెట్టి తనే చూపిస్తుంది. "ఈ గుంత నా తప్పు. మేడం జల్దీ చూసిండ్రు కాబట్టి ఇంతట్ల ఆగింది."

ఆ గుంతలో కింది మూడు డిగ్రీలు నావి. పక్కనే నిలబడి తలూపుతాను. మూత తీసేది తనేనన్న కుళ్లు కాస్త తగ్గింది. 'నా తప్పు' అని అంత సులువుగా అనేస్తుందే, ఇప్పుడు దానికి ఏడుస్తున్నాను.