బారికి చేతికర్ర

మన్యంలో డుంబ్రిగుడ దగ్గర నేను పనిచేసిన ఊరికి ఆయన బారికి, అంటే ఊరి కబుర్లు మోసే మనిషి. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయటే నిలబడి, చేతికర్రతో నేలమీద రెండుసార్లు తట్టి, ఆ తర్వాతే నోరు విప్పేవాడు.

తొంభైల చివర నేనక్కడ బడిపంతుల్ని. ఆయన మేనల్లుడు గల్ఫ్‌కి కూలికి వెళ్ళి హత్య కేసులో ఇరుక్కున్నాడు. మరణశిక్ష పడిందని తోటి కూలీ రాసిన ఉత్తరం నేనే చదివి వినిపించాను. కుర్రాణ్ణి పట్టుకున్న సంగతి మన ఎంబసీకి తీర్పయ్యాకే తెలిసిందట.

"ఆ దేశంలో బారికుండడేటి మేస్టారూ?" అన్నాడు. "పైఊరోడు తప్పుసేసి మాకు దొరికితే ముందు నానెళ్ళి ఆడి ఊరోళ్ళకి సెప్తాను. ఆళ్ళొచ్చి కూకున్నాకే తగువు తీర్సేది."

దేశాలు కూడా అలాగే ఒప్పుకుని సంతకాలు చేశాయని చెప్పాను.

"మరెందుకు సెప్పనేదు?"

ఎంబసీకి అర్జీల మీద అర్జీలు రాశాను. ప్రతి సంతరోజూ వచ్చి "కబురేటి మేస్టారూ?" అనేవాడు. పోస్టుమేన్ సైకిల్ కనిపిస్తే చాలు, బడి వదిలి ఎదురెళ్ళేవాణ్ణి.

వానల్లో ఆ కూలీ దగ్గర్నుంచే రెండో ఉత్తరం వచ్చింది. శిక్ష అమలైపోయింది. దాన్ని జేబులో పెట్టుకుని ఆయన గుమ్మం దాకా వెళ్ళి బయటే నిలబడిపోయాను. లోపల్నుంచి నన్ను చూసి, లేచి వచ్చి, తన కర్ర నా చేతిలో పెట్టాడు.

"తట్టి సెప్పు మేస్టారూ."