పెద్దబాపు ఓడిన ఆట

లింబాయత్‌లో తెలుగు వలస నేతవాళ్లుండే ఆ సందు పిల్లలకు ముక్కేదో మెడేదో నేర్పింది ఊర్మిళే. తల్లులు చీరలు మడతపెట్టే పనికి పోతూ పొద్దున్నే పిల్లల్ని ఆమె ఇంట్లో దించేవారు. గోడ అవతల మరమగ్గాల మోత. దాన్ని మించి ఆమె గొంతెత్తేది:

"తలకు టోపీ పెట్టు, చెవికి పోగు పెట్టు,
పొట్టకు రొట్టె పెట్టు, పట్టు పట్టు... ముక్కు పట్టు!"

అసలు తమాషా ఆఖరి మాటలోనే. నోటితో ముక్కు అంటూ ఊర్మిళ తన చెవి పట్టుకునేది. మాట విని ముక్కు పట్టుకున్నవాళ్లు గెలిచినట్టు, ఆమె చేతిని చూసి మోసపోయినవాళ్లు ఓడినట్టు.

2004 వానాకాలంలో ఆమె పాడుతున్నా మనసు పాట మీద లేదు. భర్త పరమేశ్వర్ చిన్నప్పటి నుంచీ మరమగ్గాల మనిషి. పెళ్లయిన కొత్తలో డుమస్ బీచికి తీసుకుపోయి, వేడి భజియాలు తినిపిస్తూ, సముద్రపు హోరులోనూ ఆమె గుసగుసలకు బదులిచ్చినవాడు. ఇప్పుడు పిలిస్తే పలకడు. ఏం చెప్పినా 'ఊ' అని ఊరుకుంటాడు. తనంటే మొహం మొత్తిందనుకుంది ఊర్మిళ. సిరిసిల్లలో ఉన్న తమ్ముడికి వస్తున్నానని ఫోన్ చేసింది. తిరిగి రానని మాత్రం చెప్పలేదు. సంచి సర్ది మంచం కిందికి తోసింది.

ఆ మర్నాడు కార్ఖానాకు సెలవు. మగ్గాలు ఆగి సందంతా సద్దుమణిగింది. సింధూజ అనే పిల్ల పరమేశ్వర్ చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆటలో కూర్చోబెట్టింది.

"ముక్కు పట్టు!" అంటూ ఊర్మిళ చెవి పట్టుకుంది. పిల్లలు ముక్కు పట్టుకున్నారు. పరమేశ్వర్ చెవి పట్టుకున్నాడు.

"పెద్దబాపు హారీ గయా!" ఓడిపోయాడని సింధూజ గంతులేసింది. "ఫిర్ సే, పెద్దమ్మా, ఫిర్ సే!"

ఊర్మిళ మెడ అంటూ మోకాలు పట్టుకుంది. అతనూ మోకాలే.

"ఏంది పెద్దబాపూ, గింత పెద్దగున్నవ్, మెడ తెల్వదా?"

ఊర్మిళ కూడా నవ్వింది. నవ్వుతూనే అతని కళ్లు చూసింది. అవి ఆమె చేతిని వదలడం లేదు. ఈసారి వీపు తిప్పి పాడి, "చెవి పట్టు!" అని వెనక్కి చూసింది. పిల్లలంతా చెవులు పట్టుకుని ఉన్నారు. పరమేశ్వర్ పిల్లల్ని ఒక్కొక్కరినీ చూసుకుంటూ మెల్లగా చెయ్యి ఎత్తుతున్నాడు.

పిల్లలు వెళ్లిపోయాక ఆమె అతని ఎదుట కూర్చుంది. తన చెవి పట్టుకుని, ఏంటన్నట్టు తల ఎగరేసింది.

అతను తల దించుకున్నాడు. "పోయినేడు సంది ఇనపడ్తలేదు. సేఠ్‌కు తెలిస్తే మగ్గాల మీదికెల్లి తీసేస్తడు."

"నాకు గూడ చెప్పొద్దా? మాట్లాడుతలేవని నేను పోదామనుకున్న!"

"ఏందే? జర మెల్లగ... నా దిక్కు జూసి చెప్పు."

ఆమె మంచం కింది సంచి బయటికి లాగి, చీరలు తీసి దండెం మీద వేసింది. అతను సంచిని చూశాడు, చీరల్ని చూశాడు. లేచి ఒక కొంగు అందుకుని సరిచేశాడు.

పిల్లలతో ఆమె మోసపు ఆట ఆ తర్వాతా సాగింది. అతని దగ్గర మాత్రం చేతిది, నోటిది ఒకే మాట. ఆ సందులో పెరిగినవాళ్లు కలిస్తే నేటికీ ఆ అన్నం వేళలే తలచుకుంటారు. ఊర్మిళ గడపలో నిలబడి, తిందాం రమ్మన్నట్టు పొట్ట పట్టుకునేది. అరుగు మీద పరమేశ్వర్, కూర మాడిందన్నట్టు ముక్కు పట్టుకునేవాడు. అప్పుడామె దిగివచ్చి చెవి పట్టేది, తనది కాదు, అతనిది.