గోడకు వేలు చూపించే కండక్టరు

మొదటిసారి పరీక్ష తప్పిన రోజు ఇర్మా కింటానా నేరుగా షెడ్డుకు వచ్చి, యూనిఫారం కోటు విప్పి మేకుకు తగిలించి, గీకుడు రేకు తీసుకుని మూడో రైలు పెట్టె తలుపు కింద కూర్చుంది. పెయింటు గీకడం మొదలుపెట్టింది. ఆ తలుపుకు మేం ముందు రోజే కొత్త రంగు వేశాం. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇర్మాది న్యూయార్కు, అందులోనూ బ్రాంక్స్. అక్కడి సబ్‌వేలో, అంటే భూగర్భ రైళ్లలో, ఇరవై ఏడేళ్లు కండక్టరుగా చేసింది. అంటే టికెట్లు కొట్టడం కాదు, బండి మధ్యలో నిలబడి తలుపులు తీసి మూయడం. అరవయ్యో ఏట ఉద్యోగం వదిలేసి, ఫిలడెల్ఫియాలో చెల్లెలి ఇంట్లో పై అంతస్తు తీసుకుంది. వచ్చిన రెండో వారానికే పాత బండ్ల సంఘం అడ్రసు కనుక్కుని మా షెడ్డుకు నడిచొచ్చింది. సంఘం అంటే పెద్దగా ఏం లేదు. పాతికమంది జనం, 1928 నాటి మూడు సబ్‌వే పెట్టెలు, నాలుగు ముసలి బస్సులు, కారే కప్పు. జీతాలు లేవు. ఆ రోజు ఆమె ఒకే మాట అడిగింది, గీకుడు రేకు ఎక్కడుందని. నాలుగేళ్లు గీకింది. ఏడు పొరల రంగు కింద అసలు రంగు ఏదో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. మూడో పెట్టె మూలలో అది మొదట బయటపడింది ఆమె చేతి కిందే.

ఆ మూడు పెట్టెలూ నలభై ఏళ్ల తర్వాత ఒక ఆదివారం ప్రయాణికులతో తిరగబోతున్నాయి. అయితే డ్రైవరూ కండక్టరూ ఇద్దరూ అవి తిరిగే సబ్‌వే లైను సూపర్‌వైజరు ముందు ఖాళీ బండి నడిపి చూపించాలి. డ్రైవరు డ్వైట్ ఓల్సన్ మొదటి రోజే గట్టెక్కాడు. కండక్టరు ఇర్మా. ఆమె తప్పితే లైనువాళ్లు తమ కండక్టరునే పంపుతారు, పెట్టెలు ఎలాగైనా తిరుగుతాయి. ఇర్మా మాత్రం అందరిలాగే టికెట్టు కొనుక్కుని ఎక్కాలి. న్యూయార్కులో పాత బండ్ల కండక్టరు పనికి ఆమె మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ తనకన్నా సీనియరు మగవాళ్లకే పోయింది. ఇక ఇదే ఆఖరి అవకాశమని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

ఎందుకు తప్పిందో చెప్పాలంటే న్యూయార్కు అలవాటు ఒకటి చెప్పాలి. అక్కడ ప్రతి ప్లాట్‌ఫారం మీదా బండి మధ్య భాగం ఆగే చోట నల్లచారలూ తెల్లచారలూ ఉన్న బోర్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. బండి ఆగగానే కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ బోర్డుకు వేలు చూపించాలి. బోర్డు ఎదురుగా ఉంటే బండి సరిగ్గా ఆగినట్టు, తలుపులు తియ్యొచ్చు. లేకపోతే తియ్యకూడదు. ఇర్మా ఆ వేలు రోజుకు కొన్ని వందలసార్లు చూపించింది. ఇక్కడ ఆ బోర్డులు లేవు. అయినా ప్రతి స్టేషన్‌లోనూ ఆమె చెయ్యి లేచింది, లేని బోర్డు కోసం కళ్లు వెతికాయి, రెండో చెయ్యి తలుపు మీట దగ్గర ఆగిపోయింది. ఒక్కో స్టేషన్‌లో ఆరేడు సెకండ్లు. ఆరో స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి వెనక మామూలు బండి వచ్చి ఆగింది. సూపర్‌వైజరు లొరెట్టా విన్‌బుష్ మంచి మనిషే. కానీ తన లైను ఆలస్యమైతే మాత్రం మంచీ చెడ్డా చూడదు. కాగితం మీద అడ్డగీత గీసి, రెండు వారాల్లో ఇంకొక్కసారి చూస్తానంది.

ఇదంతా ఆల్ఫీ ప్రెస్టాకు పండగ. ఆల్ఫీ ఫిలడెల్ఫియా దక్షిణపు వీధుల్లో పుట్టి, ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే సిటీ బస్సు నడిపినవాడు. షెడ్డులో బస్సులు ఆయనవి, రైలు పెట్టెలు ఇర్మావి. ఇద్దరి మధ్యా నాలుగేళ్లుగా ఒకటే గొడవ, ఎవరి ఊరి బండి గొప్పదని. ఒకసారి మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, మా ఊరి పెట్టె మీ పెట్టెకన్నా ఏడడుగులు పొడుగని ఆల్ఫీ అన్నాడు. పొడుగుదేముంది, మీ ఊరికి సబ్‌వే లైన్లు రెండే, వేసుకోడానికి ఇంకేం లేక పొడుగు చేసుకున్నారని ఆమె అంది. న్యూయార్కు పాత పెట్టెల్లో కప్పుకు రెక్కల ఫ్యాన్లుండేవి. వేసవిలో వాటి కింద చోటు కోసం తన తల్లి రెండు బళ్లు వదిలేసి మూడోది ఎక్కేదని ఇర్మా చెప్పేది. ఆ ఫ్యాన్లకు ఎన్ని టోపీలు ఎగిరిపోయాయో కూడా చెప్పమనేవాడు ఆల్ఫీ.

బస్సుల దగ్గర తనదే పైచెయ్యి అని ఆల్ఫీ అనుకునేవాడు. గుండ్రటి పెద్ద అద్దం ముఖంతో ఉండే పాత బస్సును రెండు ఊళ్లవాళ్లూ చేపతొట్టె అనే పిలిచారు. ఒకే ఫ్యాక్టరీలో తయారైనదే. న్యూయార్కు డ్రైవరు సరిపడా చిల్లర లేనివాణ్ణి వర్షంలో దింపేసేవాడనీ, తాను మాత్రం ఇంకో బస్సుకు మారేందుకు బదిలీ కాగితం చించి ఇచ్చి, ఏ బస్సు ఎక్కాలో కూడా చెప్పి పంపేవాడిననీ ఆల్ఫీ వాదన. పైనుంచి తీగ పట్టుకుని నడిచే కరెంటు బస్సులు కూడా ఆయన నడిపాడు. బస్సు కప్పు మీది కరెంటు కొమ్ము తీగ నుంచి జారినప్పుడు దిగి, తాడు పట్టి లాగి, మళ్లీ తీగకు తగిలించాలి. అది వర్ణించేటప్పుడు ఆల్ఫీ లేచి నిలబడేవాడు. వానలో, ట్రాఫిక్ మధ్యలో, తిట్లు తింటూ చేసే పని గురించి అంత గర్వంగా ఇంకెవరూ చెప్పలేరు.

పరీక్ష తప్పిన మర్నాడు ఆల్ఫీ షెడ్డు గోడ మీద సుద్దముక్కతో, బొగ్గుతో నలుపు తెలుపు చారలు గీసి పెట్టాడు.

“న్యూయార్కు అమ్మగారూ, మీ దేవుడి పటం పెట్టాం. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని పనిలో దిగండి” అన్నాడు.

ఇర్మా ఆ చారల ముందు ఆగి, నిజంగానే వేలు చూపించింది. తర్వాత చెయ్యి దించి అడిగింది. “ఆల్ఫీ, బట్టలారేసే తాడు ఉందా నీ దగ్గర? డెబ్బై అడుగులు కావాలి.”

ఉరేసుకుంటావా ఏమిటని ఆయన అనబోయాడు. ఆమె ముఖం చూసి, వెళ్లి తాడు తెచ్చాడు.

ఆమె ఆలోచన ఇది. వేలు చూపించడం మానుకోవడం తన వల్ల కాదు. కాబట్టి చూపించడానికి ప్రతి స్టేషన్‌లోనూ ఏదో ఒకటి వెతుక్కోవాలి. మూడు పెట్టెల బండి ముక్కు ఎక్కడ ఆగాలో డ్రైవరుకు తెలిసేలా ప్లాట్‌ఫారం స్తంభానికి మూడు అంకె ఉన్న చిన్న రేకు ఉంటుంది. అక్కణ్ణుంచి వెనక్కి డెబ్బై అడుగులకు మధ్య పెట్టె మొదటి కిటికీ, అంటే ఇర్మా నిలబడే చోటు, వస్తుంది. ఆ చోటుకు ఎదురుగా గోడ మీద ఏముందో అదే ఆమె బోర్డు.

మొదటి రోజు ఆమె ఒక్కతే పోదామనుకుంది. తాడుకు రెండు కొసలుంటాయని గుర్తు చేసి ఆల్ఫీ వెంటపడ్డాడు. పది రోజులు ప్రతి ఉదయం, రద్దీ తగ్గాక, టికెట్టు కొనుక్కుని ప్లాట్‌ఫారం మీదికి దిగేవాళ్లు. రేకు దగ్గర ఆల్ఫీ తాడు కొస తొక్కి నిలబడితే ఇర్మా రెండో కొస పట్టుకుని నడిచేది. జనం చూస్తూ పోయేవాళ్లు. ఒక పోలీసు వచ్చి ఏం కొలుస్తున్నారని అడిగితే, పెళ్లికి తివాచీ అని ఆల్ఫీ చెప్పాడు. ఇర్మా నోటు పుస్తకంలో రాసుకునేది. గిరార్డ్ స్టేషన్, గోడకు అతికించిన పలకల్లో పగిలినది ఒకటి, చంద్రవంక ఆకారం. ఇంకో చోట మంటలార్పే గొట్టం పెట్టె. ఒక స్టేషన్‌లో ఎదురుగా ఏమీ లేదు, ఉత్త తెల్ల పలకలు. ఇర్మా అక్కడ పావుగంట నిలబడింది. చివరికి పలకల మధ్య సిమెంటులో ఎవరో ఎప్పుడో ఒత్తిన బొటనవేలి గుర్తు కనిపించింది. ఆల్ఫీకి కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడలేదు.

“ఇంత చాదస్తం ఎందుకే? పక్కన ఎవరో ఒకరు నిలబడి సై అంటే తలుపు తియ్యవా?” అని అడిగాడు.

అప్పుడు బెంచీ మీద కూర్చుని ఆమె చెప్పింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వేలు చూపించే నియమం ఇంకా రాకముందు, బండి ఆగగానే తలుపులు తీసేసింది. ఆఖరి పెట్టె సొరంగంలోనే ఉంది. కుట్టు మిషను చేత్తో పట్టుకున్న ఒక పెద్దాయన చీకట్లోకి అడుగేశాడు. కాలు విరిగింది. పట్టాల మీంచి పైకి తీసుకొచ్చేవరకూ ఆయన మిషను వదల్లేదట. ఇర్మా వంగి చూస్తే, ఇది ఏ స్టేషనమ్మా అని అడిగాడట. నెల రోజులు ఆమెను పక్కన పెట్టారు. ఆయన మీద మాత్రం ఆమెకు కోపం, తనను తిట్టి ఉంటే బాగుండేదని.

ఆల్ఫీ ఆ తర్వాత గోడ మీద సుద్దగీతల మాట ఎత్తలేదు. తుడిచెయ్యలేదు కూడా. మూడు రోజులు ఆయనా ఇర్మా షెడ్డులోనే సాధన చేశారు. ఆల్ఫీ స్టేషను పేరు అంటాడు, ఆమె గుర్తు చెప్పి వేలు చూపి మీట నొక్కుతుంది. రెండు సెకండ్లు దాటితే మళ్లీ మొదటి నుంచి. పెట్టె కింద బోల్టులు బిగిస్తున్న మాకు కూడా ఆ పద్నాలుగు స్టేషన్ల గుర్తులూ నోటికొచ్చేశాయి.

రెండో పరీక్ష రోజు లొరెట్టా కోటు మెడ పైకెత్తుకుని ఇర్మా వెనకే నిలబడింది. నోరు మూసుకుని కూర్చునే షరతు మీద మధ్య పెట్టె చివర సీట్లలో ఆల్ఫీకీ నాకూ చోటిచ్చారు. మొదటి ఏడు స్టేషన్లూ మంచినీళ్లు తాగినట్టు జరిగిపోయాయి. చెయ్యి లేవడం, మీట పడడం, తలుపులు నిట్టూర్చి తెరుచుకోవడం. లొరెట్టా గడియారం చూడడం కూడా మానేసింది.

ఎనిమిదో స్టేషన్‌లో మెట్లు వెనక చివర ఉంటాయి. అందుకే అక్కడ మూడు పెట్టెల బండి ప్లాట్‌ఫారం వెనక కొసకే ఆగుతుంది, ఆఖరి పెట్టె సొరంగం నోటికి బాగా దగ్గర. బండి ఆగింది. ఇర్మా చెయ్యి లేచింది. గుర్తు, పనివాళ్ల గది ఆకుపచ్చ తలుపు. ఆ తలుపు ఎదురుగా లేదు. ఉత్త గోడ.

మూడు సెకండ్లు. ఐదు. ఆమె మీట ముట్టుకోలేదు. వేలు గోడ వైపే ఉంది. లొరెట్టా ముందుకు వంగింది.

“ఇర్మా గారూ, మళ్లీనా? తలుపులు తియ్యండి.”

“తియ్యను మేడమ్.”

“వెనక బండి వస్తోంది.”

“రానివ్వండి. నా తలుపు ఇక్కడ లేదు.”

ఆల్ఫీ నా మోకాలు పట్టుకున్నాడు, ఎముక నొప్పెట్టేంతగా. లొరెట్టా ఆ కిటికీలోంచే తల బయటపెట్టి వెనక్కి చూసింది. చాలాసేపు చూసింది. మూడో పెట్టె చివర తలుపు సొరంగం చీకట్లో ఉంది. పాత బ్రేకు పట్టు ఆ రోజు కాస్త గట్టిగా ఉండి, డ్వైట్ పన్నెండడుగులు ముందే ఆపేశాడు. రేకు దాకా వచ్చేశాననే అనుకున్నాడు.

ముందుకు జరపమని డ్రైవరుకు తెలిసేలా ఇర్మా గంట తాడు లాగింది. బండి కొంచెం ముందుకు పాకింది. గోడ కదిలింది. ఆకుపచ్చ తలుపు మెల్లగా వచ్చి ఆమె వేలి ముందు ఆగింది. మీట పడింది.

లొరెట్టా జేబులోంచి కాగితం తీసి, కలం మూత పళ్లతో లాగింది.

“చాలు ఇర్మా గారూ, సంతకం పెట్టేస్తాను. మిగతావి చూడక్కర్లేదు.”

ఇర్మా కిటికీ బయటే చూస్తోంది, తలుపుల వరస చివరి దాకా. మీట వెనక్కి లాగి, అన్నీ మూసుకునేదాకా చూసింది.

“ఇంకా ఆరు స్టేషన్లున్నాయి మేడమ్” అంది. “అవి అయ్యాక పెట్టండి.”

లొరెట్టా కలానికి మూత పెట్టుకుంది. బండి కదిలింది. ఆల్ఫీ నా మోకాలు వదిలి, తొమ్మిదో స్టేషను పేరు పెదాలతో మాత్రమే అన్నాడు. ఇర్మా చెయ్యి అప్పటికే కిటికీ మీద ఉంది.