బాలమణి వాల్వు చప్పుడు

దయ్యాల ముచ్చట ఎవరన్న ఎత్తితే నేను లేసి పోయేటోన్ని. మా అమ్మ నా కారుకు నిమ్మకాయ కడితే ఊరు దాటకముందే తెంపి పారేసిన. ఇరవై ఏండ్ల సంది గుండె డాక్టర్ని. పానం పోయేటప్పుడు ఏమైతదో మానిటర్ మీద ఎన్నోసార్లు చూసినోన్ని. పోయినోళ్లు మల్ల వస్తరంటే నాకు నవ్వొస్తది. ఇప్పుడు కూడ నమ్మిన అని చెప్తలేను. జరిగింది జరిగినట్టు చెప్త, అంతే.

మాది చేవెళ్ల పక్కన ఊరు. ఇంట్ల అందరు క్యారెట్, టమాట పండించేటోళ్లే. నేనొక్కన్నే ఈ లైన్ల పడ్డ. మొదట్ల గుండె రక్తనాళాలల్ల స్టెంట్లు వేసే పని మీద రీసెర్చ్ చేసిన. తర్వాత వాల్వుల దిక్కు వచ్చిన. పెద్ద పెద్ద మీటింగులల్ల అందరు ఆపరేషన్ ఎట్ల చేసిన్రో చెప్తరు. ఆపరేషన్ అయిన మనిషి ఊరికి పోయి, ఎండల వంగి కలుపు తీస్తుంటే ఆ వాల్వు ఎట్లుంటదో ఎవ్వడు చెప్పడు. నాకు గదే కావాలె. అందుకే చేవెళ్ల, మొయినాబాద్ ఊర్లల్ల లోహపు వాల్వు పెట్టించుకున్నోళ్ల లిస్టు తయారు చేసి, ఏండ్లకేండ్లు వాళ్ల వెంబడి పడ్డ.

ఈ వాల్వు సంగతి జర చెప్పాలె. వాల్వంటే గుండెల తలుపు లెక్క, రెక్కలు తెరుసుకొని మూసుకుంటయ్; లోహపుదైతే చప్పుడు చేస్తది. గోడ గడియారం లెక్క టిక్కు టిక్కుమంటది, పక్కన కూసున్నోళ్లకు గూడ ఇనబడ్తది. అది పెట్టించుకున్నోళ్లు రక్తం పలుచగుండేందుకు రోజు గోలి ఏసుకోవాలె. బంద్ చేస్తే వాల్వు మీద రక్తం గడ్డ కడ్తది. అప్పుడు ఆ టిక్కు మొద్దుబారుతది, బట్టల చుట్టిపెట్టిన గడియారం లెక్క. ఆ తేడా నా చెవికి మంచిగ తెలుసు.

లాక్‌డౌన్ల పేషెంట్లు రాలేకపోయిన్రు. అప్పుడు ఒక ఉపాయం చేసిన. నేను ఫోన్ చేస్త, ఇంట్లోళ్లు ఆ ఫోన్ తీసుకపోయి పేషెంట్ ఛాతి మీద పెట్టాలె. అర నిమిషం ఇని, మంచిగుంటే ఫారంల రాసుకుంట. లాక్‌డౌన్ అయిపోయినా ఆ పద్ధతి అట్లనే నడిచింది. చప్పుడు ఇనకుండ ఎవ్వరిని 'బాగుంది' అని రాయొద్దని నా స్టాఫ్‌కు గట్టిగ చెప్పి పెట్టిన. ఎందుకంటే మా దిక్కు మనిషి మంచంల పడున్నా, ఎట్లున్నవ్ అని అడిగితే 'మంచిగనే ఉన్న' అంటడు.

ఈ పని అందరికంటె మంచిగ చేసేటోడు మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ ఊరి సాయన్న. ట్రాక్టర్ నడిపేటోడు. ఆయన భార్య బాలమణికి వాల్వు పెట్టిన్రు. సాయన్నకు డాక్టర్‌తోటి ఫోన్ల మాట్లాడాలంటే మస్తు సిగ్గు. ఫోన్ ఎత్తుతడు, హలో అనడు, సీదా తీసుకపోయి భార్య ఛాతి మీద పెడ్తడు. ఎప్పుడు జర పైకి పెడ్తడు. నేను 'జర కిందికి' అంటే కిందికి జరుపుతడు. "హలో అంటే నోట్లకెల్లి ముత్యాలు రాలుతయా?" అని తిట్టేటోన్ని. అప్పుడు గూడ నోరు మెదపడు.

పోయినేడు సాయన్నను రోడ్డు మీద లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయిండు. ఆ తర్వాత బాలమణే నెలకోసారి షేర్ ఆటోల నా మొయినాబాద్ క్లినిక్‌కు వచ్చిపోయేది.

ఇగ అసలు సంగతి. ఆ శనివారం పొద్దుగాల పదకొండు గంటలకు క్లినిక్‌ల కూసున్న. ఏండ్ల రీసెర్చ్ ఒక పేపర్ కింద రాసి, సోమవారం లోపట డాక్టర్ల పత్రికకు పంపాలె. అందరి వివరాలు నిండినయ్. ఒక్క బాలమణిదే లేదు. మూడు నెలల సంది ఆమె వస్తలేదు.

నా దగ్గర రీసెర్చ్ పని చూసే స్వప్నది గుంటూరు దిక్కు, ఇక్కడనే సెటిలైన్రు. ఫైల్‌ల ఉన్న నంబర్‌కు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ వస్తోందని చెప్పింది. వాళ్లింటి పక్క కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తే, మంచిగనే ఉన్నది అన్నరంట.

"ఇంకేంది, బాగుంది అని రాసెయ్" అన్న నేను.

"మీరే కదండీ, వినకుండా రాయొద్దన్నారు" అన్నది స్వప్న.

నాకు మస్తు కోపమొచ్చింది. ఫారంల ఒక్క గడి కోసం నా ఏండ్ల కష్టం ఆపుతదా ఈ పిల్ల అనిపించింది. నిజం చెప్త, పెన్ను తీసుకున్న. నేనే రాద్దామని. ఆమె నా మొఖం దిక్కే చూస్తున్నది. ఆ చూపు ఓర్సుకోలేక, నా ఫోన్ తీసి ఫైల్‌ల ఉన్న నంబర్ కొట్టి, స్పీకర్ పెట్టి బల్ల మీద పడేసిన. స్విచాఫ్ అని వస్తే ఆమె నోరు మూతపడ్తదని.

రింగైంది.

నాలుగైదు రింగుల తర్వాత ఎవరో ఎత్తిన్రు. హలో అన్న. మాట లేదు. ఇంకోసారి హలో అన్న. బట్టకు ఏదో రాసుకున్న చప్పుడు. తర్వాత చిన్నగ, ఎక్కడ్నో దూరంకెల్లి వచ్చినట్టు, వాల్వు చప్పుడు. సక్కగ ఇనబడ్తలేదు. నేను సోంచాయించలే, అలవాటుల నోట్లకెల్లి వచ్చేసింది.

"జర కిందికి."

ఫోన్ కిందికి జరిగింది. బట్ట రాసుకున్న చప్పుడు మల్ల వచ్చింది, ఆ ఎంటనే వాల్వు సాఫ్‌గ ఇనబడ్డది. మొద్దుగ. దబదబ. నడుమ నడుమ ఒక దెబ్బ లేనే లేదు.

అది గడ్డ కట్టిన వాల్వు. గంటలల్ల మనిషిని తీసుకపోతది. "ఎవరు మాట్లాడేది? బాలమణి ఎట్లున్నది?" అని ఒర్లిన. జవాబు లేదు. చప్పుడు మాత్రం ఆగలే. అటు దిక్కున్నోళ్లు ఫోన్ పట్టుకునే ఉన్నరు. స్వప్న అప్పటికే తన ఫోన్ల అంబులెన్స్‌కు చేస్తున్నది. నేను కట్ చేసి ఎంటనే మల్ల కొట్టిన. స్విచాఫ్.

మొయినాబాద్‌కెల్లి హిమాయత్‌నగర్ ఎంత దూరం? అయినా ఆ రోజు తొవ్వ ఒడుస్తలేదు. ఆమె సచ్చిపోతే నేనే బాధ్యున్ని, మూడు నెలలు ఫోన్ల మీదనే ఎల్లదీసిన అని ఒక్కటే బుగులు. స్వప్న పక్క సీట్ల కూసొని ఏడుస్తున్నది.

తలుపు లోపట గడియ పెట్టున్నది. ఎంత కొట్టినా ఎవరు తియ్యలే. కిరాణా దుకాణమాయన, నేను కలిసి తలుపు పలగ్గొట్టినం. బాలమణి గోడకు ఒరిగి కింద కూసున్నది. పెదాలు నీలంగ అయినయ్, మాట వస్తలేదు. ఒంగి చెవి పెట్టి ఇన్న. ఫోన్ల ఇన్న చప్పుడే. ఆ లేని దెబ్బతోటి సహా.

ఇంట్ల ఇంకెవ్వరు లేరు. వెనక దర్వాజ గూడ లేదు ఆ ఇంటికి.

పెద్ద దవాఖానకు తీసుకపోయినం. ఎక్స్‌రే తెర మీద చూస్తే వాల్వు రెక్క ఒకటి కదుల్తనే లేదు. గడ్డ కరిగే మందు ఎక్కించినం. తెల్లారేసరికి రెక్క కదిలింది. అప్పుడు గాని నేను కుర్చీల కూసోలే.

రెండో రోజు ఆమెకు మాట వచ్చినంక సంగతి బయటపడ్డది. పన్ను పీకేటందుకు వారం రోజులు గోలీలు బంద్ పెట్టమని పన్ను డాక్టర్ చెప్పిండంట. మల్ల మొదలుపెట్టమని ఆయన చెప్పలేదు, ఈమె అడగలే. నా దగ్గరకు ఎందుకు రాలేదమ్మా అంటే తల ఒంచుకున్నది.

"గోలీలు బంద్ చేసినా అంటే మీరు తిడ్తరని బుగులైంది సార్."

నేను ఆమె గోలీల చీటి తీసుకొని మల్ల రాసిన.

ఆమె కొడుకు నరేష్ ఫామ్‌హౌస్‌ల తోటపని చేస్తడు, ఆ పొద్దు పనికి పోయి ఉండె. ఫోన్ ఎవరెత్తిన్రని అడిగిన. వాడు నా దిక్కు అదోలాగ చూసిండు. "ఆ నంబర్ మా బాపుది సార్. లారీ కింద బాపు తోటి ఫోన్ గూడ నుజ్జునుజ్జైంది. మల్ల తీసుకోలే. అమ్మకు ఫోనే లేదు" అన్నడు.

నా ఫోన్ల చూపెట్టిన. 11:14, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

నేను ఊకుంటనా? ఫోన్ కంపెనీల పనిచేసే దోస్తును పట్టుకున్న. నంబర్ బందై నెలలైంది, ఇంకొకరికి ఇయ్యలేదన్నడు. ఒక్కోసారి లైన్లు కలుస్తయన్నడు. సరే, కలిసినయ్ అనుకుందాం. కలిసిన లైన్ల గడ్డ కట్టిన వాల్వే ఎందుకుంటది? జర కిందికి అంటే ఎందుకు జరుగుతది? నేను భ్రమ పడ్డ అందామంటే పక్కన స్వప్న ఉండె. "నేనూ విన్నానండి, కిందికి జరిపారు" అని ఇప్పటికి అదే మాట అంటది.

బాలమణిని డిశ్చార్జ్ చేసే రోజు ఒకటే అడిగిన. ఆ పొద్దు నీకు ఏమన్న యాదికున్నదా అని.

"మీ గొంతు ఇనబడ్డది సార్. జర కిందికి అన్నరు. ఇంట్లకు ఎప్పుడొచ్చిన్రో అనుకున్న."

పేపర్ ఆ సోమవారం పోలే. బాలమణి బతికే ఉన్నది, గోలీలు ఏసుకుంటున్నది. నేనే నెలకోసారి హిమాయత్‌నగర్ పోయి చెవి పెట్టి ఇనొస్త. తిట్టుడు మానేసిన.

ఆ ఫోన్ ఎవరు ఎత్తిన్రో నాకు తెల్వదు. తెలుసని చెప్పేటంత ధైర్యం లేదు, ఉత్తదే అనేటంత ధైర్యం గూడ ఇప్పుడు లేదు. నాకు తెలిసింది ఒక్కటే. సచ్చిపోతున్న ఆడమనిషి పేరు ముందర 'బాగుంది' అని రాసేటందుకు నేను పెన్ను పట్టిన. రాసుంటే, ఆమె సచ్చినంక గూడ నా పేపర్ల బాగనే ఉండేది.