నార్వే గులాబీకి మా గేటు దగ్గర బొక్క

మా డ్రాయింగ్ టీచర్ రేపు ఓడెక్కి నార్వే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ ఊరి పద్ధతిలో మెలికల తీగలు, గులాబీలు వేయడం నాకు ఆవిడే నేర్పారు. చదువు పాడవుతుందని నాన్న తిడతారు కాబట్టి, ఇంట్లో చెప్పకుండా ఒక బిస్కెట్ డబ్బా మీద వేసి ఈ రోజు ఆవిడకి పట్టుకెళ్ళాను. మలయాలోని మా ఎస్టేటు గేటు దగ్గర కాపలా కాసే అప్పన్న మామ ఆపాడు.

"మూతున్న డబ్బా ఏటమ్మా? అడవిలో దాక్కున్నోలకి బియ్యమా?"

"ఖాళీదే మామా."

"ఖాళీదైనా బొక్కెట్టాల. దొర ఆర్డర్ మరి."

అడవిలోని తిరుగుబాటుదార్లకి ఎవరూ తిండి దాచి పంపకుండా, గేటు దాటే ప్రతి డబ్బాకీ బొక్క పెడతారు. అంత డబ్బా ఉండగా మేకు సరిగ్గా గులాబీ నడిమధ్యనే దిగ్గొట్టాడు. భుజాన తుపాకీ సర్దుకున్నాడు. పైగా మెచ్చుకోలు ఒకటి: "బాగా ఏసినావే. మీ నాన్నకి సెప్తానుండు."

డబ్బా బొక్కతోనే ఇచ్చాను. మలయాలో పువ్వులు ఇలాగే పూస్తాయని టీచర్‌కి చెప్పాను. ఇంకాసేపట్లో నాన్న ఆ గేటు దాటే వస్తారు. ఆయనకేం చెప్పాలో మీకు తోస్తే చెప్పండి.