సొట్టలు తీసిన కారు

కరోనా సద్దుమణిగిన మరుసటి వానాకాలంలో నాకు వరంగల్ ఇచ్చారు. హోదా మోటార్ సర్వేయర్. అంటే ప్రమాదానికి గురైన బండిని పరిశీలించి, బీమా కంపెనీ ఎంత ఇవ్వాలో రాసేవాడు. పల్లెల్లో మాత్రం పొలం కొలవడానికి వచ్చాననుకుని గట్టు తగాదాలు చెప్పుకునేవారు. ముప్పై రెండో ఏట ఆ పని మానేసి రిటైరయ్యాను. శాలువా కప్పడానికి ఎవరూ రాలేదు కాబట్టి జ్ఞాపకాలు నేనే రాసుకుంటున్నాను.

వర్ధన్నపేట దగ్గర ఆగి ఉన్న లారీ కిందికి దూరిన ఒక ట్యాక్సీ నా వంతుకు వచ్చింది. సొంత బండిని తనే నడుపుకునే రమేశ్ అక్కడికక్కడే పోయాడు. కారును ములుగు రోడ్డులో ఒక షెడ్డుకు చేర్చారు.

బానెట్ మీద తాజా సుత్తి దెబ్బలు కనిపించాయి. మా వృత్తిలో ఇవి పాత పరిచయస్తులే. సర్వే ముందు కొందరు బండికి ఇంకో ప్రమాదం జరిపిస్తారు. కానీ ఈ దెబ్బలు లోపలి వైపు నుంచి పడ్డాయి. షెడ్డు యజమాని యాకూబ్‌ను అడిగాను.

"అందరు ఇంకింత పలగ్గొడ్తరు సార్. ఈ పెద్దమనిషి ఉల్టా. రోజు సుత్తె పట్టుకొనొచ్చి సొట్టలు తీస్తాండు. వద్దంటె ఇంటలేడు."

ఆ పెద్దమనిషి రమేశ్ తండ్రి కొమురయ్య, పత్తి రైతు. దాచకుండా చెప్పాడు.

"ఖర్చు ముప్పావు దాటితే బండిని కంపెనోళ్లు గుంజుకపోతరట గద సారూ. అందుకే జర తక్కువ జేస్తాన. రిపేరైతదని రాయుండ్రి."

ఆయన విన్నది చాలావరకు నిజమే. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో నాలుగింట మూడు వంతులు దాటితే దాన్ని టోటల్ లాస్ అంటాం. డబ్బు వారసులకు, బండి తుక్కు కొనేవాడికి పోతాయి. నష్టాన్ని తగ్గించి చూపే మోసానికి మాత్రం మా దగ్గర నిబంధన లేదు. ఎవరూ చేస్తారనుకోలేదు.

"కాకా, ఛాసిస్ వంగింది. సుత్తెకు రేకు ఇంటది గని ఛాసిస్ ఇనదు" అన్నాను.

ఇంకొక దారి ఉందని కూడా చెప్పాను. వచ్చే డబ్బులోంచి తుక్కు విలువ మినహాయించుకుని బండిని ఇంటికే తీసుకుపోవచ్చు. ఆర్సీ రద్దవుతుంది, ఇక రోడ్డెక్కదు.

కొమురయ్య ముఖం వెలిగింది. "నడువకున్నా మంచిదే. వాకిట్ల ఉంటది."

అంతసేపూ గేటు దగ్గర నిలబడి ఉన్న కోడలు స్వరూప అప్పుడు మాట్లాడింది. చట్టప్రకారం వారసులు ఆమె, ఆమె కూతురు. నేను మాత్రం మామకే చెబుతూ వచ్చాను.

"వద్దు మామా. అది వాకిట్ల ఉంటె, పాప నిద్ర లేసుడుతోనే నాయిన వచ్చిండని ఉరుకుతది. రోజు పొద్దుగాల దానికి నేనేం జెప్పాలె?"

కొమురయ్య కాసేపు బానెట్‌ను నిమిరాడు. తర్వాత సుత్తిని తువ్వాలలో చుట్టుకుని, "గట్లనే కానియ్ బిడ్డా" అన్నాడు.

అలాంటప్పుడు ఎవరైనా ఒక మంచి మాట అనాలి. నాకు తట్టింది ఒక్కటే: ఒరిజినల్ ఆర్సీ తెచ్చారా అని. అదే అడిగాను. ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది.

టోటల్ లాస్ అని తేల్చేది సర్వేయర్. బండిని వదులుకోవాలో వద్దో చెప్పాల్సింది వారసులు. ఆ కేసు తర్వాత ఏ ఇంటివారికీ ఈ రెండింటినీ ఒకే రోజు పెట్టలేదు. ఫైలు కొంచెం ఆలస్యమయ్యేది. ఆఫీసు వారు కారణం అడిగితే, వాన అని రాసేవాణ్ణి.